నీలకంఠ రొయ్య పేపర్ల మీద ఎవరి పేరు ఉండాలి?

నీలకంఠ, అంటే స్కాంపీ అని కూడా పిలిచే పెద్ద మంచినీటి రొయ్య మీద పరిశోధన పేపరు చేతికొస్తే చాలామంది ముందు సారాంశం చూస్తారు, తర్వాత పట్టికలు చూస్తారు. నేను ముందు పేర్లు చూస్తాను. ఎవరి పేరు మొదట ఉంది, ఎవరిది చివర ఉంది, వాళ్ళది ఏ ఊరు, ఏ సంస్థ, కృతజ్ఞతల దగ్గర ఎవరిని తల్చుకున్నారు. నెల్లూరు జిల్లాలో ఒక స్కాంపీ హ్యాచరీలో, అంటే గుడ్ల నుంచి రొయ్యపిల్లల్ని తీసే కేంద్రంలో, కొన్నేళ్ళు పనిచేసి, ఆ తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలోకి వచ్చినవాణ్ణి. అందుకని రెండు వైపులా నాకు తెలిసిన మనుషులున్నారు. ఒక వైపువాళ్ళ పేర్లు పేపర్ల మీద ఉంటాయి, రెండో వైపువాళ్ళవి ఉండవు. దీన్ని మర్యాద విషయంగా చూసి వదిలేస్తుంటారు. పేరు పోయినచోట ఆ మనిషికి తెలిసిన సంగతి కూడా పోతోంది, అందువల్ల శాస్త్రానికే నష్టం జరుగుతోంది అన్నది నా వాదన.

ఈ రొయ్య సాగు కథ ఎవరు చెప్పినా షావో వెన్ లింగ్ దగ్గరే మొదలుపెడతారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) నిపుణుడిగా మలేషియాలోని పెనాంగ్‌లో ఉంటూ, 1960ల మొదట్లో ఆయన ఒక చిక్కుముడి విప్పారు. పెద్ద రొయ్య మంచినీళ్ళలోనే బతుకుతుంది, కానీ దాని లార్వాకు, అంటే గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లకు, మొదటి కొన్ని వారాలు ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. మంచినీళ్ళలో లార్వా చచ్చిపోతుంటే రకరకాలవి కలిపి చూస్తూ, చివరికి సోయా సాస్ కూడా వేశారని, అందులోని ఉప్పు వల్లే పిల్లలు బతికాయని చెప్తారు. ఇవాళ ప్రపంచంలో ఏ స్కాంపీ హ్యాచరీలోనైనా లార్వా ట్యాంకులో 12 పీపీటీ (వెయ్యి పాళ్ళకు 12 పాళ్ళు) ఉప్పుదనం పెడుతున్నారంటే దాని మూలం అక్కడే ఉంది.

అయితే ఇండో-పసిఫిక్ మత్స్య మండలి సంపుటిలో 1961 నాటి పేపరు తీసి చూడండి. దాని మీద రెండు పేర్లున్నాయి. లింగ్, మెరికాన్. తర్వాత 1969లో ఎఫ్‌ఏఓ నివేదికల్లో లింగ్ ఒక్కరే రాసిన రెండు పెద్ద వ్యాసాలు వచ్చాయి. ఒకటి ఈ రొయ్య జీవితం గురించి, ఇంకోటి పెంపకం పద్ధతుల గురించి. ఆ తర్వాత అందరూ వాటినే ఉదహరిస్తూ వచ్చారు. మెరికాన్ పేరు మెల్లగా జారిపోయింది. ఇందులో లింగ్ తప్పేమీ లేదు. మొదటి పేపరు మీద ఆయన రెండో పేరు పెట్టారు కాబట్టే ఇవాళ నేను ఈ మాట చెప్పగలుగుతున్నాను. వదిలేసింది మనం.

మన దగ్గరికొస్తే, నీలకంఠకు దగ్గరి జాతి అయిన మాల్కంసోనీ రొయ్య గోదావరిలో ఎలా దొరుకుతోంది, ఎలా పెరుగుతోంది అని కె.హెచ్. ఇబ్రహీం 1962లో ఒక పేపరు ప్రకటించారు. దాని మీద ఒక్కటే పేరు. అప్పటి రివాజు అదే, ఒక శాస్త్రవేత్త, ఒక నది, ఒక పేపరు. మంచి పని, ఇప్పటికీ గోదావరి రొయ్య మీద రాసేవాళ్ళు దాన్ని తిరగేయాల్సిందే. కానీ నది మీద ఇలాంటి పని జరగాలంటే రేవులో జాలరులు తమ పట్టుబడిని కొలవనివ్వాలి, గుడ్లున్న రొయ్యల్ని విడిగా తీసి చూపించాలి, ఏ నెలలో ఎక్కడ వల వేస్తే ఏం పడుతుందో చెప్పాలి. పరిశోధన పత్రికల్లో ఆ మనుషులకు చోటు లేదు.

ఇప్పుడు ఒంటి పేరు పేపర్లు చాలా అరుదు. ఐదుగురు, ఎనిమిది మంది, పన్నెండు మంది. మూడు దేశాల సంస్థలు కలిసి రాయడం మామూలైపోయింది. ఈ మార్పును కొలవడానికి ఒక శాస్త్రమే ఉంది. దానికి మూలాలు మన వైపు కూడా ఉన్నాయి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1948లోనే గ్రంథాలయాల పనికి లెక్కలు వాడాలని 'లైబ్రామెట్రీ' అన్న మాట తెచ్చారు. 1926లో అమెరికాలో లోట్కా అనే గణాంక నిపుణుడు ఒక సూత్రం చెప్పారు. ఒకే పేపరు రాసినవాళ్ళు వందమంది ఉంటే, రెండు రాసినవాళ్ళు పాతికమంది, మూడు రాసినవాళ్ళు పదకొండు మంది దాకా ఉంటారు. 1983లో కె. సుబ్రహ్మణ్యం సహకారాన్ని కొలిచే తేలిక సూత్రం ఇచ్చారు. మొత్తం పేపర్లలో ఒకరి కంటే ఎక్కువమంది రాసినవి ఎన్నో చూస్తే చాలు. అన్నీ ఒక్కరు రాసినవైతే సున్నా, అన్నీ కలిసి రాసినవైతే ఒకటి.

రొయ్య పేపర్లకు ఈ సూత్రం వేస్తే ఒకటికి దగ్గరగా వస్తుంది. దాంతో సహకారం బ్రహ్మాండంగా ఉందని తేల్చేస్తారు. నాకు ఆ అంకె చూస్తే సంతోషం కలగదు. ఆ పన్నెండు పేర్లలో ట్యాంకు దగ్గర నిలబడ్డది ఎవరు, సంతకానికి మాత్రమే ఉన్నది ఎవరు అన్నది ఆ సూత్రానికి తెలియదు. ఎవరు ఎవరితో కలిసి రాశారో చూపించే మ్యాపులు కూడా అంతే. గుండ్రాలు, వాటిని కలిపే గీతలు, దేశానికో రంగు. గీత ఎంత లావుగా ఉంటే అంత సహకారమని అర్థం. పేపరు మీద లేని మనిషికి ఆ మ్యాపులో చుక్క కూడా ఉండదు.

పేరు ఉన్నవాళ్ళకు కూడా మన తెలుగువాళ్ళ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఈ మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ ఇంటిపేరు, ముందక్షరం చూసి మనిషిని గుర్తుపడుతుంది. మనకు ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది, చివర రావో రెడ్డో ఉంటుంది. పత్రికవాళ్ళు చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటారు. అలా కె. రావులు, పి. రెడ్డిలు పదిమంది ఒకే మనిషైపోతారు. నేను కొన్ని వందల స్కాంపీ పేపర్ల వివరాలు దించుకుని మ్యాపు గీసి చూసినప్పుడు, ఒక రావుగారు విశాఖలో వైరస్ మీదా, భీమవరంలో మేత మీదా, హైదరాబాదులో జన్యువుల మీదా ఒకే ఏడాది పనిచేసినట్టు తేలింది. అదే మనిషి ఒకచోట పొడి అక్షరాలతో, ఇంకోచోట పూర్తి పేరుతో రాస్తే ఇద్దరైపోతారు. 2012 నుంచి ఆర్కిడ్ నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, వచ్చింది కాబట్టి పరిశోధన మొదలుపెట్టే ప్రతి తెలుగు విద్యార్థీ మొదటి పేపరుకు ముందే అది తీసుకోవాలి. ఖర్చు లేదు, ఐదు నిమిషాల పని. ఇది తేలిగ్గా తీరే సమస్య కాబట్టి ఇంతకంటే సాగదీయను.

తీరని సమస్య హ్యాచరీ దగ్గర ఉంది.

లార్వా ట్యాంకు దగ్గర పని ఎలా ఉంటుందో చూడనివాళ్ళ కోసం చెప్తాను. తల్లి పొట్ట కింద గుడ్లు మొదట నారింజ రంగులో ఉంటాయి, పొదిగే వేళకు బూడిద రంగుకు తిరుగుతాయి. ఆ రంగు చూసి తల్లిని ఉప్పు కలిపిన నీళ్ళలోకి మార్చాలి. గుడ్డు పగిలి వచ్చిన లార్వా వెల్లకిలా ఉండి, తోక ముందు పెట్టి ఈదుతుంది. పదకొండు దశలు దాటాలి. పొద్దున కోడిగుడ్డు కస్టర్డ్ జల్లెడ పట్టి వేయాలి, సాయంత్రం ఆర్టీమియా (మేతగా వాడే సన్నటి ఉప్పునీటి జీవి) పిల్లలు వేయాలి, మధ్యలో అడుగున పేరుకున్న చెత్తను సైఫన్ చేసి తీయాలి. ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పడిపోతే దశలు దాటడానికి ఎక్కువ రోజులు పడుతుంది. మూడు, నాలుగు వారాలకు లార్వా రొయ్య ఆకారంలోకి, అంటే పోస్ట్ లార్వాగా (పీఎల్), మారి, బోర్లా తిరిగి ట్యాంకు గోడను పట్టుకుంటుంది. మొదటి పీఎల్ గోడకు అంటుకున్న రోజు హ్యాచరీలో అందరి మొహాలూ వెలిగిపోతాయి.

మా టెక్నీషియన్ తెల్లవారుజామున బీకరులో నీళ్ళు ముంచి, టార్చి వెలుతురుకు ఎదురుగా పట్టి చూసేవారు. లార్వా కడుపులో ఆర్టీమియా రంగు కనిపిస్తోందా, ఎన్ని చురుగ్గా ఉన్నాయి, ఎన్ని అడుగుకు దిగిపోతున్నాయి. చూసింది చూసినట్టు రిజిస్టరులో రాసేవారు. ఆ రిజిస్టరులో ఆయన సొంతంగా గీసుకున్న ఒక గడి ఉండేది. తల్లి ఎక్కడిది. ఫలానా చెరువుదా, ఏటిదా, ఏ బండిలో వచ్చింది. తెల్లతోక జబ్బు మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయనకు మొదట్నుంచీ ఒకటే అనుమానం, ఇది తల్లితోనే వస్తోందని. తోక కండ తెల్లబడటం కనిపించిన నాలుగైదు రోజుల్లో ట్యాంకుకు ట్యాంకు పోయేది. ఏ ట్యాంకులు పోతున్నాయో ఆ గడి చూసి ఆయన ముందే చెప్పేవారు.

అదే కాలంలో ఒక సంస్థ నుంచి పరిశోధనకు వచ్చారు. ఆ రిజిస్టరు లెక్కలన్నీ రాసుకుని వెళ్ళారు. పేపరు అచ్చయింది. కృతజ్ఞతల్లో హ్యాచరీ యాజమాన్యానికి ధన్యవాదాలు ఉన్నాయి, టెక్నీషియన్ పేరు లేదు. ఒక కాపీ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఇంగ్లీషు రాకపోయినా పట్టికల్లో తన లెక్కల్ని గుర్తుపట్టారు. పేజీలన్నీ తిప్పి, "అబ్బయా, తల్లి ఎక్కడిదో రాసిన గడి ఏదీ?" అన్నారు.

ఆ గడి పేపర్లో లేదు. ఉప్పుదనం ఉంది, ఉష్ణోగ్రత ఉంది, బతికిన శాతం ఉంది. అచ్చుకు వెళ్ళేముందు ఆ పేపరును ఆయనకు ఒక్కసారి తెలుగులో చెప్పి ఉంటే ఆ ప్రశ్న అప్పుడే వచ్చేది. ఈ జబ్బు వైరస్ తల్లి నుంచి పిల్లకు వెళ్తుందని 2007లో సుధాకరన్, ఆయన సహచరులు ప్రయోగం చేసి చూపించారు. అది చదివినప్పుడు నాకు ఆ రిజిస్టరే గుర్తొచ్చింది. మా టెక్నీషియన్ దాన్ని రుజువు చేశారని నేను అనను. అనుమానం వేరు, పీసీఆర్ పరీక్ష చేసి నిరూపించడం వేరు. కానీ సరైన అనుమానం దొరకడమే శాస్త్రంలో సగం పని. అది కాగితం మీద రాసి ఉండగా మనం దాన్ని చెత్తబుట్టలో వేశాం.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. రచయిత అంటే పేపర్లో ప్రతి మాటకూ జవాబు చెప్పగలవాడు, టెక్నీషియన్ గణాంకాలకు జవాబు చెప్పలేడు కదా అంటారు. గౌరవించాల్సిన వాదనే. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమాల్లో నాలుగు షరతులున్నాయి. పని ఆలోచనలోనో, సమాచారం సేకరించడంలోనో, విశ్లేషణలోనో గట్టి పాత్ర ఉండాలి. రాయడంలోనో దిద్దడంలోనో పాలు పంచుకోవాలి. చివరి ప్రతిని ఒప్పుకోవాలి. బాధ్యత వహించాలి. మత్స్య శాస్త్ర పత్రికలు కూడా చాలావరకు వీటినే పాటిస్తాయి. టెక్నీషియన్‌ను పక్కన పెట్టడానికి రెండో షరతునే చూపిస్తారు, రాయలేదు కాబట్టి రచయిత కాదని. కానీ అదే కమిటీ ఇంకో మాట కూడా చెప్పింది. మొదటి షరతు తీరిన ప్రతి ఒక్కరికీ మిగతా పనుల్లో పాల్గొనే అవకాశం ఇవ్వాలి. అవకాశమే ఇవ్వకుండా పాల్గొనలేదని పేరు తీసేయడం ఆ నియమానికే విరుద్ధం. తెలుగులో కూర్చోబెట్టి చెప్పడం, ఆయన చెప్పిన సవరణలు రాసుకోవడం, ఒప్పుకోలు తీసుకోవడం, ఇదంతా ఒక మధ్యాహ్నం పని. ఇక బాధ్యత సంగతంటారా, ఎవరు ఏ పని చేశారో విడదీసి రాసే 'క్రెడిట్' జాబితా ఇప్పుడు చాలా పత్రికల్లో తప్పనిసరి. అందులో 14 పాత్రలున్నాయి. సమాచార సేకరణ ఒకటి, ప్రయోగానికి కావలసిన వనరులు సమకూర్చడం ఇంకొకటి. పన్నెండో పేరుగా ఉన్న వైరాలజిస్టు చెరువు నిర్వహణకు జవాబు చెప్పలేరు, అయినా రచయితే. అదే వెసులుబాటు టెక్నీషియన్‌కు ఎందుకు ఉండకూడదు?

మరి ఏ పనీ చేయకుండా పేపరెక్కే పేర్ల సంగతి? విభాగాధిపతి కాబట్టి, నిధులు వచ్చిన ప్రాజెక్టు ఆయనది కాబట్టి, రేపు ఇంటర్వ్యూలో కూర్చునేది ఆయనే కాబట్టి. ప్రమోషన్ లెక్కలు దీన్ని ఇంకా పెంచాయి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇద్దరు రాసిన పేపరుకు ఒక్కొక్కరికి 70 శాతం పాయింట్లు. ఇద్దరిని మించితే ముఖ్య రచయితకు 70 శాతం, మిగతా ప్రతి ఒక్కరికీ 30 శాతం. అంటే పదో పేరు చేర్చినా ఎవరి వాటా తగ్గదు. ఎవరికీ నష్టం లేనప్పుడు పెద్దాయన పేరు వద్దనే ధైర్యం ఏ పీహెచ్‌డీ విద్యార్థికి ఉంటుంది? అదే పేపరు మీద టెక్నీషియన్ పేరు చేర్చినా ఎవరి వాటా తగ్గదు, అయినా చేర్చరు.

ఇక ప్రశ్న ఎవరిది అన్న విషయం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది.

టైగర్ రొయ్య తెల్లమచ్చ వైరస్‌తో కుదేలైన 1990ల మధ్యలో, మన రైతులు చాలామంది నీలకంఠ వైపు తిరిగారు. దేశంలో అందరికంటే ఎక్కువ సాగు ఆంధ్రాలోనే జరిగింది. 2005-06లో దేశం మొత్తం మీద ఉత్పత్తి దాదాపు 43 వేల టన్నులకు చేరింది. ఆపైన ఏడెనిమిదేళ్ళలో పదో వంతుకు పడిపోయింది. కారణాలు ఒకటి కాదు. తెల్లతోక జబ్బు ఉంది. 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి వచ్చాక రైతు అటు వెళ్ళిపోయాడు. వీటితో పాటు, హ్యాచరీల్లో ఒకే తల్లుల సంతతిని మళ్ళీ మళ్ళీ వాడటంతో సీడ్ (చెరువులో వేసే పిల్లల) బలం తగ్గింది. రైతులు దీన్ని ముందునుంచే వాళ్ళ మాటల్లో చెప్తూ వచ్చారు. సైజు రావట్లేదు, కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) పడట్లేదు, అదే మేతకు అదే నెలల్లో పాత రోజుల రొయ్య రావట్లేదు అని. నేను విన్నాను. చెరువు గట్ల మీద, మేత కొట్టు దగ్గర ఇదే మాట.

భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ (సిఫా), అంతర్జాతీయ పరిశోధన సంస్థ వరల్డ్‌ఫిష్ కలిసి జన్యు మెరుగుదల కార్యక్రమం మొదలుపెట్టింది 2007లో. అప్పటికే పతనం మొదలైంది. ఆ కార్యక్రమం మంచి శాస్త్రం, మంచి అంతర్జాతీయ సహకారం, అందులో నాకు అనుమానం లేదు. తల్లుల్ని మూడు ప్రాంతాల నుంచి తెచ్చారు. గుజరాత్, కేరళ, ఒడిశా. దూరదూరపు నదుల సంతతిని కలపడంలో జన్యుశాస్త్రపరంగా అర్థముంది. కానీ దేశంలో ఎక్కువ చెరువులున్న రాష్ట్రం ఆ మూడింట్లో లేదు. ఏ హ్యాచరీ పిల్ల ఏ ఏడు నిలబడింది, ఏది కుంగింది అని పుస్తకాలు రాసిపెట్టుకున్న రైతులు కృష్ణాలో, నెల్లూరులో ఎంతోమంది ఉండేవారు. ఆ లెక్కలు పరిశోధన దాకా వెళ్ళే దారి ఉండి ఉంటే ఈ పని ఇంకా ముందే మొదలయ్యేదని నా నమ్మకం. రైతును సర్వేలో జవాబిచ్చేవాడిగానే చూశాం, పక్కన కూర్చుని ప్రశ్న తయారుచేసేవాడిగా చూడలేదు. బంగ్లాదేశ్‌లో బాగేర్‌హాట్ వైపు, వరిపొలం చుట్టూ కాలువ తీసి గోల్డా రొయ్యను (మన నీలకంఠనే) పెంచే 'గేర్' పద్ధతిని కనిపెట్టింది అక్కడి రైతులే. దాని మీద పేపర్లు, పీహెచ్‌డీలు తర్వాత వచ్చాయి.

సహకారం బాగా జరిగినచోటు కూడా ఒకటి చెప్పాలి, అది మనకు దగ్గర్లోనే ఉంది. తమిళనాడులో అప్పటి వేలూరు జిల్లా మేల్విషారంలో సి. అబ్దుల్ హకీం కాలేజీ. పెద్ద జాతీయ ల్యాబు కాదు, డిగ్రీలు చెప్పే కాలేజీ. అక్కడ ఎ.ఎస్. సాహుల్ హమీద్, ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో ఉన్న జె.ఆర్. బోనామీ బృందం కలిసి తెల్లతోక జబ్బు మీద పనిచేశారు. ఈ జబ్బును మొదట గుర్తించింది కరీబియన్‌లోని గ్వాడెలూప్‌లో. వైరస్‌ల గురించి ఫ్రాన్స్‌వాళ్ళకు తెలుసు, చచ్చిపోతున్న పిల్లలు ఆంధ్రా, తమిళనాడు హ్యాచరీల్లో ఉన్నాయి. ఇలాంటిచోట సాధారణంగా జరిగేదేమిటంటే, శాంపిళ్ళు ఇటునుంచి పోతాయి, పేపరు అటునుంచి వస్తుంది, మధ్యలో ఎక్కడో మనవాళ్ళ పేరు ఉంటుంది. 2004లో వాళ్ళ పేపరు చూడండి. మొదటి పేరు సాహుల్ హమీద్, రెండోది యోగానందన్, మూడోది శ్రీ విదాద, చివరిది బోనామీ. ప్రయోగం ఇక్కడే జరిగింది, నైపుణ్యం ఇక్కడే మిగిలింది. ఆ తర్వాత ప్రశ్నలు కూడా ఇక్కడివే. ఆర్టీమియా ఈ వైరస్‌ను మోస్తుందా, తల్లి నుంచి వస్తుందా. హ్యాచరీవాడు రోజూ తల పట్టుకునే ప్రశ్నలివి. తెల్లతోక జబ్బుకు ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ రిఫరెన్స్ ల్యాబు ఆ కాలేజీలోనే వెలిసింది. దేశాల లెక్క తీస్తే దీనికి వచ్చేది రెండు. పది దేశాల పేపర్లు నేను చూశాను, ఇంత మిగిల్చినవి తక్కువ.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. ట్రయల్ మొదలయ్యే రోజునే ఎవరు ఏం చేస్తారు, ఎవరి పేరు ఎక్కడ వస్తుంది అన్నది ఒక కాగితం మీద రాసుకోవాలి, అందులో ట్యాంకు చూసే మనిషి కూడా ఉండాలి. పేపరు పంపేముందు ఆ కాగితం మీదున్న అందరికీ వాళ్ళ భాషలో చెప్పాలి. మా కాలేజీలో ఒకరిద్దరు గైడ్లు ఇలా చేస్తున్నారు. ఇప్పటిదాకా ఏ పత్రికా అభ్యంతరం చెప్పలేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పేరు వేయడం అన్నిసార్లూ మేలు కాదు. ఫలానా రైతు చెరువులో, ఫలానా హ్యాచరీలో వైరస్ దొరికిందని అచ్చయితే ఆ సీడ్ ఎవరూ కొనరు, ఆ సరుకుకు ధర కట్టేవాడు వంక పెడతాడు. తన రిజిస్టరు మొత్తం ఇచ్చి, పేరు మాత్రం వద్దని చేతులు పట్టుకుని అడిగిన రైతులు నాకు తెలుసు. అది వాళ్ళ హక్కు. పేరు వద్దన్న మనిషికి పేపరు చూసే హక్కు, గడి తప్పిపోయిందని చెప్పే హక్కు అలాగే ఉంటాయి. వాళ్ళను ముందు అడగాలి. అడిగాక వేయాలో వద్దో వాళ్ళే చెప్తారు.